టిన్ను నీళ్ళు తాగిన మొక్క

ఈ ఏడు కూడా బీల ఒడ్డున పసుపు పూలు వచ్చాయి. వానలు వెళ్ళిపోయి, నీళ్ళు వెనక్కి తగ్గి, బురద కాస్త గట్టిపడే వేళకి వస్తాయవి. మొన్న ఆదివారం వెళ్ళి చూసి వచ్చాను. వెంట ఎవరూ లేరు. ఐసు పెట్టె మోసే మనిషి లేడు. నా జోళ్ళు బురదలో దిగబడితే గట్టు మీద నిలబడి నవ్వే మనిషి లేడు. మా ఆయన పోయాక ఇది మొదటి చలికాలం.

బీల అంటే సోంపేట వైపు ఊళ్ళకీ సముద్రపు ఇసకకీ మధ్య పరుచుకుని ఉండే చిత్తడి నేల. వానాకాలమంతా చెరువులా నిండి ఉంటుంది. చలికాలంలో ఎక్కడెక్కడి పక్షులో వచ్చి దిగుతాయి. ఒడ్డు పొడవునా ఆనప, బీర, దోస పాదులు వేసుకుంటారు. ఆ పాదులకీ నీళ్ళకీ నడుమ, ఎవరికీ పట్టని తడి చోట్ల మొలిచే ఒక కలుపు మొక్క మీద నేను ఏళ్ళ తరబడి పనిచేశాను. పుస్తకాల్లో దాన్ని బటర్‌కప్ అంటారు. ఆ పేరు వింటే చదువుకున్నవాళ్ళకి చలిదేశాల పచ్చిక బయళ్ళు గుర్తొస్తాయి. మాది ఆ కుటుంబంలో పేద చుట్టం. బోలు కాడ, చీలికల ఆకు, చిటికెన వేలి గోరంత పువ్వు. పక్షుల కాళ్ళకంటిన బురదలో వచ్చి ఉంటుందని నా ఊహ. రుజువు చెయ్యలేదు కాబట్టి ఎక్కడా రాయలేదు. మా ఊళ్ళో దానికి పేరు లేదు. పశువు మూతి పెట్టదు, కూరకి పనికిరాదు, రసం తగిలితే చర్మం పొక్కుతుంది. అలాంటిదానికి పేరు పెట్టే తీరిక ఎవరికుంటుంది? మా ఆయన మాత్రం "నీ పిచ్చిమొక్క" అనేవాడు. పిచ్చి దానిదో నాదో తేల్చి చెప్పేవాడు కాదు.

ఆయన నాకు మేనత్త కొడుకు. పెళ్ళికి ముందూ బావే, తరవాతా బావే. కొబ్బరి తోట, కాయల వ్యాపారం. మాకు పిల్లలు లేరు. నేను నరసన్నపేటలో డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. పొద్దున్నే బస్సెక్కి పోవడం, చీకటి పడే వేళకి దిగడం. నాకు కోపం ఎక్కువని మా కాలేజీలో ఎవర్నడిగినా చెబుతారు. ప్రాక్టికల్స్‌లో పరీక్ష చెయ్యకుండా పక్కవాడి అంకెలు ఎక్కించే పిల్లల్ని నేను బయట నిలబెడతాను. కనబడింది రాయండి, కనబడకపోతే కనబడలేదని రాయండి అంటాను. ఇంట్లో కూడా అంతే. కూరలో ఉప్పెక్కువైందని చుట్టాల ముందే చెప్పేదాన్ని. "అబద్దమాడమంటే దీనికి జొరమొస్తాది" అని నవ్వేవాడాయన.

ఒకసారి అది నవ్వులాట దాటిపోయింది. మా ఆడపడుచు వరసయ్యే ఆవిడ ఇంటికి బొబ్బిలి వైపు నుంచి సంబంధం వాళ్ళు వచ్చారు. మా ఉద్దానం ఊళ్ళకి సంబంధానికి వచ్చేవాళ్ళు కట్నం కంటే ముందు ఇంకో మాట అడుగుతారు. ఇంట్లో కిడ్నీ జబ్బు ఎవరికైనా ఉందా అని. ఊరు ఊరంతా లేదనే చెబుతుంది. అది అబద్ధం కింద లెక్క కాదు మాకు, సంబంధం కుదిర్చే మర్యాద కింద లెక్క. వాళ్ళు వెళ్తూ వెళ్తూ, చదువుకున్న మనిషినని నన్నడిగారు. పెళ్ళికూతురి తండ్రి వారం వారం డయాలసిస్‌కి పోతున్నాడు. పోతున్నాడనే చెప్పాను. సంబంధం పోయింది. ఊళ్ళో చాలాకాలం నాతో ఎవరూ మాట్లాడలేదు. ఆయన ఆ రోజు నన్ను ఒక్క మాట అనలేదు. భోజనాల దగ్గర మాత్రం, "నీకాడ మాట దాసుకోలేం బాబూ" అన్నాడు, పప్పు కలుపుకుంటూ.

మా ఊళ్ళ సంగతి తెలియని వాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. ఇక్కడ మూత్రపిండాలు పాడైపోతాయి. ఎందుకో ఎవరికీ తెలీదు. నీళ్ళంటారు, ఎండంటారు, నొప్పి మాత్రలంటారు, అందరూ ఒక్క మాట మీద లేరు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. మనిషి చెట్టెక్కుతాడు, కాయ దింపుతాడు, మూటలు మోస్తాడు. లోపల మాత్రం జరగాల్సింది జరిగిపోతూ ఉంటుంది. రక్తం తీసి చూస్తేనే తెలుస్తుంది. అందుకే మా దగ్గర ఇద్దరు కలిస్తే "క్రియాటిన్ ఎంతొచ్చినాది?" అని రక్తపరీక్షలో వచ్చిన అంకె అడుగుతారు, బువ్వ తిన్నావా అన్నట్టు. ఆయన తండ్రి దానితోనే పోయాడు. అన్నా దానితోనే పోయాడు.

నా పని ఆ జబ్బు మీద కాదు. నా పని ఆకుల మీద. పాదుల ఆకుల మీద పసుపు మచ్చలు వేసి కాయని గిడసబార్చే వైరస్ ఒకటి ఉంది. పేనుబంక దాన్ని ఆకు నుంచి ఆకుకి మోస్తుంది. పాదులు లేని నెలల్లో అది ఎక్కడ తలదాచుకుంటుంది అన్నది మా ప్రశ్న. ఒడ్డున ఉన్న కలుపు మొక్కలన్నీ వెతికితే ఈ బటర్‌కప్‌లో దొరికింది. దొరికిన తీరే విచిత్రం. ఆకు మీద మచ్చ ఉండదు, ముడత ఉండదు. నిగనిగలాడే ఆకు కోసి, నూరి, రసం ప్లేటులో చిన్న గుంటలో పోసి, మందులు కలిపి ఆగితే, వైరస్ ఉన్న గుంటలో పసుపు రంగు తేలుతుంది. లేని గుంట నీళ్ళలాగే ఉండిపోతుంది. చూడ్డానికి బాగున్న మొక్కల గుంటలు కూడా ఒక్కొక్కటే పసుపెక్కుతుంటే మొదటిసారి నాకు సంతోషమే వేసింది. కొత్త సంగతి దొరికిందన్న సంతోషం. బస్సులో ఇంటికొస్తుంటే ఆ సంతోషం కాస్తా పోయింది. ఎందుకంటే అంతకు కొద్ది రోజుల ముందే ఆయన పాదాల మీద చెప్పు పట్టీ గుర్తు చూశాను. సాయంత్రం జోళ్ళు విప్పితే పాదం మీద గాడి పడి ఉంది. పొద్దున్నకి పోతోంది.

రక్తం ఇవ్వమని ఆ వారమే అడిగాను. ఇవ్వనన్నాడు. మళ్ళీ అడిగాను. ఊళ్ళో వైద్య శిబిరం పెడితే ఆ రోజు పొద్దున్నే కొబ్బరి బేరమని చీపురుపల్లి పోయాడు. ఇంకోసారి పెడితే మళ్ళీ చీపురుపల్లే. "ఆ ఊరోల్లు శిబిరం రోజునే కొబ్బరికాయలు కొంటారేటి?" అని ఊళ్ళోవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గిన్నెలు విసిరేసి మరీ దెబ్బలాడాను. అప్పుడొకసారి ఆయన నిజం చెప్పాడు.

"మా అన్న కాయితం ఒచ్చినదాకా నాగలి పట్టినాడు. కాయితం ఒచ్చినాక మంచం దిగినేదు. కాయితం ఒచ్చిన రోజే సచ్చిపోనాడే ఆడు. కట్టెల్లో పెట్టింది తరవాతెప్పుడో. నన్ను కూడా అలగే సంపాలనున్నాదేటి నీకు?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. ముందుగా తెలిస్తే మందులతో ఆపొచ్చు, కనీసం ఆలస్యం చెయ్యొచ్చు. చెప్పాను. క్లాసులో చెప్పినట్టు చెప్పాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని తోటలోకి వెళ్ళిపోయాడు.

వైరస్ ఉన్న మొక్కల్ని పోల్చి చూడ్డానికి లేని మొక్కలు కొన్ని కావాలి. గింజల నుంచి మొలిపించి మా మేడ మీద దోమతెర కింద కుండీల్లో పెంచాను. కడిగిన ఇసకలో పెంచాను, మట్టిలో ఏ తెగులుంటుందో అని. నేను పొద్దున్న బస్సుకే పోతాను కాబట్టి నీళ్ళు పొయ్యడం ఆయన వంతు. పెరట్లో ఆయన తాత తవ్వించిన నుయ్యి ఉంది. ఆ నీళ్ళంటే ఆయనకి ప్రాణం. "కొబ్బరినీల్లకీ మా నుయ్యి నీల్లకీ తేడా సెప్పలేరు" అని వచ్చినవాళ్ళందరికీ తాగించేవాడు. ఊళ్ళో సగం మంది శుద్ధి చేసిన నీళ్ళు టిన్నుల్లో కొనుక్కుంటుంటే వాళ్ళని వెక్కిరించేవాడు. ఇంటికి వచ్చే టిన్ను నా కోసం. ఆయన మాత్రం నుయ్యి దగ్గర నిలబడి బాల్చీ ఎత్తి తాగేవాడు.

కొన్నాళ్ళకి మేడ మీద మొక్కలు పాలిపోయాయి. ఆకులు లేత పసుపుకి తిరిగాయి. నా ప్రాణం పోయినంత పనయింది. తెర కిందికి పేనుబంక దూరిందనుకున్నాను. అన్నిటి ఆకులూ కోసి పరీక్ష పెట్టాను. ఒక్క గుంట కూడా రంగు మారలేదు. మొక్కలకి ఏ తెగులూ లేదు. ఆ మాట ఆయనకీ చెప్పాను. మరి ఎందుకు పాలిపోయాయి? నాలుగు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. తరవాత ఒక మధ్యాహ్నం కాలేజీ ముందే వదిలేస్తే ఇంటికొచ్చి మేడెక్కాను. ఆయన టిన్ను భుజం మీంచి దించి, చెంబులో పోసి, చెంబుతో కుండీలకి పోస్తున్నాడు.

కడిగిన ఇసకలో సత్తువ ఉండదు. నుయ్యి నీళ్ళలో ఎంతో కొంత సున్నం, ఉప్పు ఉంటాయి, వాటితో బతుకుతాయని నా లెక్క. టిన్ను నీళ్ళలో అవి కూడా ఉండవు. మొక్కలు ఆకలితో పసుపెక్కాయి. నా కోపం నషాళానికంటింది. "నుయ్యి నీళ్ళు పొయ్యమన్నాను కదా బావా, ఏటిది?" అని అరిచాను.

ఆయన చెంబు కింద పెట్టాడు. "తెగులు నేని మొక్కలన్నావు కదే. ఆటికి ఆ నుయ్యి నీల్లు ఎలగ పోస్తాను? మా అయ్యకీ మా అన్నకీ పోసినాం, సాల్దేటి?"

మేడ మీద ఎండ మండిపోతోంది. ఊరందరికీ ఆ నుయ్యి నీళ్ళు పొగిడి పొగిడి తాగించిన మనిషి ఆయన.

"మరి నువ్వెందుకు తాగుతన్నావు?" అన్నాను.

"నాను ఎప్పుడో తాగీసినాను కదా. ఇప్పుడు మానితే ఏటి, మానకపోతే ఏటి."

భయం లేక కాదు, భయంతోనే ఒప్పుకోవడం లేదని నాకు ఆ రోజు తెలిసింది. ఆయనకి లోపల అంతా ఖాయమైపోయింది. కాయితం మీద చూడ్డమే ఇష్టం లేదు. నేను ఏడ్చాను. ఆయన మిగిలిన నీళ్ళు కుండీలకి పోసేసి కిందికి దిగిపోయాడు. మొక్కలకి మాత్రం కాస్త ఎరువు కలిపి ఇస్తే తేరుకున్నాయి. తేరుకోవడమేమిటి, బీల ఒడ్డున ఉన్నవాటి కంటే ముదురు పచ్చగా తయారయ్యాయి. ఆయన రోజూ వాటిని చూసి మురిసిపోయేవాడు. టిన్ను నీళ్ళే పోశాడు. ఈసారి నేనేమీ అనలేదు.

కొన్ని వారాల తరవాత ఒక కుండీ ఖాళీగా కనపడింది. అడిగితే, తెర చిరుగు లోంచి కాకి దూరి పీకేసిందన్నాడు. చిరుగు కుట్టాను.

ఆ వచ్చిన ఆదివారమే ఎప్పటిలా ఇద్దరం బీల ఒడ్డుకి వెళ్ళాం. నేను కోస్తున్నాను, ఆయన సంచులకి రబ్బరు బాండ్లు వేసి ఐసు పెట్టెలో సర్దుతున్నాడు. పాదాలు ఆ రోజు పొద్దున్నే ఉబ్బి ఉన్నాయి. నేను మళ్ళీ మొదలుపెట్టాను. బాగున్నట్టు కనపడడం లెక్కలోకి రాదు బావా, ఈ మొక్కల్ని చూడు, అన్నాను. ఆయన నిలబడిపోయాడు.

"ఒసే, ఒక పందెం ఏసుకుందాం రా," అని నన్ను నాలుగు అడుగులు పక్కకి తీసుకెళ్ళాడు. తుంగ పక్కన ఒక మొక్క ఉంది. "ఈ గట్టు మీద దీనంత పచ్చగా ఇంకోటి నేదు. దీని ఆకు కొయ్యి. నీ ప్లేటులో ఎయ్యి. దీనిక్కూడా ఉన్నాదని తేల్తే నాను రగతం ఇస్తాను. నేదని తేల్తే మరింక ఈ మాట ఎత్తకూడదు. సచ్చినదాకా ఎత్తకూడదు."

"ఒక్క మొక్కతో ఏం తేలదు. అది పరీక్ష కాదు."

"నీ లెక్కలు నాకొద్దు. సరేనంటావా, నేదంటావా?"

సరేనన్నాను. ఆ ఒడ్డున బాగున్నట్టు కనపడే మొక్కల్లో వైరస్ ఉన్నవే ఎక్కువ అని నా చేతులకి తెలుసు. గెలుస్తాననే ధీమాతోనే ఆకు కోశాను. ఆయన మొహంలో కూడా ధీమా ఉంది. అప్పుడు దాని గురించి ఆలోచించలేదు.

మర్నాడు ల్యాబులో ప్లేటు పెట్టాను. చుట్టూ గుంటలు ఒక్కొక్కటే పసుపెక్కాయి. ఆ ఒక్క గుంట నీళ్ళలాగే ఉండిపోయింది. పొరపాటేమోనని మిగిలిన రసంతో మళ్ళీ పెట్టాను. మళ్ళీ నీళ్ళే. పక్క గదిలో పిల్లలు గోల చేస్తున్నారు, పోయి అరవడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది. ఫలితం ఉన్నదున్నట్టు ఎక్కించాను. వైరస్ లేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆయనకి ఏం చెప్పాలో నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. ఉన్నదే చెప్పాలనుకున్నాను కూడా. పందెం ఓడిపోయానని చెప్పి, అయినా సరే కాళ్ళు పట్టుకుని బతిమాలదామనుకున్నాను. గేటు తీసేసరికి ఆయన వాకిట్లో గునపానికి కొబ్బరికాయ గుచ్చి పీచు ఒలుస్తున్నాడు. పాదాలు చూశాను. రెండూ ఉబ్బి ఉన్నాయి.

"ఉన్నాది బావా" అన్నాను.

"ఏటి?"

"ఆ మొక్కకి. వైరస్ ఉన్నాది. పసుపు రంగు తేలింది."

మాట నా నోట్లోంచి బయటపడిపోయింది. నేను నా జోళ్ళ వంకే చూస్తున్నాను. తలెత్తితే, సగం ఒలిచిన కాయ గునపానికి అలాగే ఉంది, ఆయన నన్నే చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. కోపంగా లేడు. ఓడిపోయినవాడిలాగా లేడు.

"నిజమేనేటి?"

"నిజమే."

ఆయన కాయ పూర్తిగా ఒలిచి కుప్పలో వేశాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"సరే. రేపు ఎల్దాం" అన్నాడు.

వెళ్ళాం. కాయితం వచ్చింది. అప్పటికే చాలా దూరం పోయింది జబ్బు. కొన్నేళ్ళ ముందు వచ్చి ఉంటే మందులతో నెట్టుకొచ్చేవాళ్ళమని డాక్టరు అన్నాడు. మంచి మనిషే, అడిగినదానికి జవాబు చెప్పాడు, అంతే. కానీ ఆ కొన్నేళ్ళ మీదే ఈ రోజుకీ నా ఏడుపంతా. ఇప్పటికీ నుయ్యి గిలక చప్పుడైతే ఆయన్నే తిట్టుకుంటాను, తిట్టాక ఏడుస్తాను.

ఆయన మంచం పట్టలేదు. అన్నలాగా కాలేదు. డయాలసిస్ లేని రోజుల్లో తోటకి పోయేవాడు, చెట్టెక్కలేకపోతే కింద కూర్చుని దింపేవాళ్ళని తిట్టేవాడు. తాగే నీళ్ళు కొలిచి ఇవ్వాల్సి వచ్చింది. బాల్చీ ఎత్తి తాగిన మనిషి గ్లాసు అడుగున నీళ్ళు పెదవులకి అద్దుకునేవాడు. నేను ఆయన ముందు నీళ్ళు తాగడం మానేశాను.

ఒకరోజు డయాలసిస్ గదిలో, యంత్రం తిరుగుతుండగా, నేను పక్క స్టూలు మీద విద్యార్థుల జవాబు పత్రాలు దిద్దుకుంటున్నాను.

"ఒసే, ఆ మొక్క ఎక్కడిదో తెల్సా?" అన్నాడు.

"ఏ మొక్క?"

"పందెం మొక్క. మేడ మీద నుంచి నానే తీసుకెల్లి పాతినాను. నువ్వు నిద్దర నెగిసీ ముందే. కాకీ నేదు, ఏటీ నేదు."

కలం ఆపేశాను. ఆయన కళ్ళు మూసుకునే చెబుతున్నాడు.

"తెర కింద పెరిగినాది. టిన్ను నీల్లు తాగినాది. నువ్వే పరీచ్చ సేసి ఏటీ నేదన్నావు. దానికి తెగులు ఎలగొస్తాది? పందెం నాదేననుకున్నాను. ఇంక నీ నోరు మూతపడిపోద్ది అనుకున్నాను."

ముందు నాకొచ్చింది కోపమే. "నేను కోసే ఒడ్డున బయట మొక్క తెచ్చి పాతుతావా? పనంతా పాడుచేస్తావా?" అని గొంతు పెంచాను. పక్క మంచం ఆయన తల తిప్పి చూశాడు. అప్పుడు గానీ మిగతాది నా బుర్రకెక్కలేదు. మొక్కకి లేదని ఆయనకి తెలుసు. ఉందని నేను చెప్పాను. నేను గేటు దగ్గర నిలబడి ఆ మాట అంటున్నప్పుడు, అది అబద్ధమని ఆయనకి తెలుసు.

"మరెందుకొచ్చావు బావా, రగతం ఇవ్వడానికి?"

"పెల్లోరి ముందు కూడా అబద్దం ఆడనిదానివి. నా కోసరం ఆడినావు. జోల్లకేసి సూస్తా ఆడినావు." ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఇది ఎంత బయపడిపోనాదో అనుకున్నాను. ఇంక నా బయం ఏటి అనిపించినాది."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. గొట్టాలు లేని చెయ్యి. ఆ చలికాలం చివర్లో అదే మొక్క ఆకు మళ్ళీ కోశానని, అప్పటికి దానిక్కూడా పేనుబంక పట్టి గుంట పసుపెక్కిందని, ఆకు మాత్రం అలాగే నిగనిగలాడుతోందని చెప్పాను.

"అలగైతే నువ్వాడింది అబద్దం కాకుండా పోనాది" అన్నాడు. కాసేపటికి, "మా ఒడ్డు మీద పాతితే ఎవులికైనా అంతే మరి" అన్నాడు.

ఇంటికొచ్చాక ఆ మొక్క ఫలితం రెండుసార్లదీ లెక్కలోంచి తీసేశాను. అది ఒడ్డు మొక్క కాదు కాబట్టి. నా పరిశోధన చూసే పైవాళ్ళు ఎందుకు తీశావని అడిగితే, బయటి నుంచి తెచ్చి నాటిన మొక్క అని ఉన్నమాటే రాశాను. ఎవరు నాటారని వాళ్ళు అడగలేదు.

తరవాతి వానాకాలానికి ఆయనకి లేచి కూర్చోవడమే కష్టమైంది. ఇంటికి తీసుకెళ్ళిపోండి, ఇంక ఇబ్బంది పెట్టొద్దని డాక్టరు నాకు విడిగా చెప్పాడు. మంచం వసారాలో వేయించాను, వాన కనపడేలా. అక్కడి నుంచి చూస్తే బీల నిండా నీళ్ళే. మొక్క లేదు, గట్టు లేదు.

"వొచ్చే సలికాలం నీ పిచ్చిమొక్కలు సూడ్డానికి నానొస్తానేటి?" అన్నాడు ఒక సాయంత్రం.

"రాకపోతే ఎలాగ? ఐసు పెట్టె ఎవరు మోస్తారు?" అన్నాను.

ఈసారి నేను కింద చూడలేదు. ఆయన మొహం వంకే చూస్తూ అన్నాను. ఆయన నన్ను చాలాసేపు చూశాడు, గేటు దగ్గర చూసినట్టే. ఆ తరవాత ఆయన ఎండిన పెదవులు కాస్త విచ్చుకున్నాయి.

"ఈపాలి బాగా ఆడినావే" అన్నాడు.